పాత మోటార్‌సైకిల్ సీటు: మెత్తగా ఉంటే సరిపోతుందా?

పాత బైకును ఇష్టంగా బాగుచేయించుకున్న చాలామందికి ఒక దశలో ఈ అనుభవం ఎదురవుతుంది. ఇంజిన్ కుదురుకుంది, రంగు పడింది, సీటులో కొత్త స్పాంజి వేయించారు. బొటనవేలితో నొక్కితే హాయిగా లోపలికి దిగుతోంది. మొదటి పది నిమిషాలు సుఖంగానే ఉంటుంది. గంట దాటేసరికి పిర్రల కింద మంట, తొడల్లో తిమ్మిరి, నడుములో లాగుడు మొదలవుతాయి. సరే, ఇంకాస్త మెత్తటిది వేయిద్దాం అనుకుంటారు. అది వేశాక గంట పట్టిన నొప్పి అరగంటకే వస్తుంది.

ఇందులో వింతేమీ లేదు. సీటు గురించి మనకున్న మొదటి అంచనాయే తప్పు కాబట్టి ఇలా జరుగుతుంది. మెత్తదనమే సుఖం అనుకుంటాం. కూర్చునేటప్పుడు ఆ లెక్క సరిపోతుంది. కానీ బైకు మీద మనం కూర్చోవడం ఒక్కటే కాదు, కుదుపులు తింటాం, ముందుకు జారతాం, కాళ్లతో నేలను అందుకుంటాం. వీటన్నిటికీ మధ్య సర్దుబాటు చేసే భాగం సీటు. ఒకచోట మారిస్తే ఇంకోచోట తేడా వస్తుంది.

## సీటు లోపల ఏముంటుంది

బయటికి ఒకే వస్తువులా కనిపించినా సీటులో మూడు పొరలుంటాయి. అడుగున గట్టి పలక ఉంటుంది. దీన్నే సీటు పాన్ అంటారు. పాత బైకుల్లో ఇది ఎక్కువగా ఇనుప రేకు, తర్వాతి కాలంలో ఫైబర్‌గ్లాసు, ప్లాస్టిక్ కూడా వచ్చాయి. ఫ్రేముకు బిగించే బోల్టులు, కబ్జాలు, గొళ్లెం, రబ్బరు దిమ్మలు దీనికే ఉంటాయి. దాని మీద ఫోమ్, వాడుకలో స్పాంజి. అన్నిటికీ పైన రెగ్జిన్‌తోనో తోలుతోనో వేసిన కవరు.

సీటు మార్చడం అంటే ఈ మూడూ ఉన్న కొత్తది తెచ్చి పెట్టడం. మలచడం అంటే పాన్‌ను అలాగే ఉంచి ఫోమ్‌ను కోయడమో, అతికించడమో, వేరే రకం వేయడమో చేసి, దానికి తగ్గ కవరు కుట్టించడం. కవరు మాత్రమే మారిస్తే చూపు మారుతుంది, కూర్చునే తీరు మారదు. ఫోమ్ కూలిపోయిన సీటుకు కొత్త కవరు బిగించి, నొప్పి తగ్గలేదని బాధపడటం చాలా మామూలుగా జరిగే పొరపాటు.

## పరుపు పేరు ఫ్రేముకు వచ్చిన కథ

వెనక చక్రానికి షాక్ అబ్జార్బర్లు లేని రోజుల్లో కుదుపు మొత్తం సీటే భరించాల్సి వచ్చేది. అందుకే ముందు భాగం కీలు మీద ఊగుతూ, వెనక రెండు చుట్టు స్ప్రింగుల మీద నిలిచే తోలు సీట్లు వచ్చాయి. హార్లీ డేవిడ్‌సన్ ఇంకో అడుగు ముందుకేసి, 1912లో సీటు కింది గొట్టంలోనే స్ప్రింగు అమర్చింది. ఆ కంపెనీ పెద్ద బైకులకు వెనక సస్పెన్షన్ వచ్చింది 1958లో, డ్యుయో గ్లైడ్‌తో. అంటే దాదాపు అర్ధ శతాబ్దం పాటు నడిపేవాడి వెన్నును కాపాడింది సీటే.

1950లో బ్రిటిష్ కంపెనీ నార్టన్ రేసు బైకుకు స్వింగ్ ఆర్మ్, అంటే వెనక చక్రాన్ని పట్టుకుని కీలు మీద పైకీ కిందికీ ఊగే చేయి, ఉన్న కొత్త ఫ్రేము వచ్చింది. దాన్ని నడిపిన హెరాల్డ్ డేనియల్ ఈకల పరుపు మీద పడుకున్నట్టుంది అన్నాడు. ఫెదర్‌బెడ్ అన్న పేరు ఆ ఫ్రేముకు అలా స్థిరపడింది. నాకు ఈ సంగతి ఎప్పుడూ ముచ్చటగా అనిపిస్తుంది. పరుపు అనే బిరుదు దక్కింది స్పాంజికి కాదు, ఇనుప గొట్టాల చట్రానికి! కుదుపును మింగే పని ఫ్రేము, షాక్ అబ్జార్బర్లు తీసుకున్నాకే సీటు సన్నబడి, పొడవై, ఇద్దరు కూర్చునే బెంచీలా మారగలిగింది. ట్రయంఫ్ ట్విన్ (రెండు సిలిండర్ల) బైకులు 1954లో స్వింగ్ ఆర్మ్ బాట పట్టాయి. 1969లో హోండా సీబీ 750 వచ్చేనాటికి ఇద్దరి బెంచీ సీటే మామూలైపోయింది.

ఈ చరిత్ర ఇప్పటి నిర్ణయానికీ పనికొస్తుంది. వెనక సస్పెన్షన్ లేని బైకుకు స్ప్రింగు సీటు తీసేసి, చూడటానికి బాగుందని మడ్‌గార్డు మీద పలచటి మెత్త బిగిస్తే, ఆ బైకుకున్న ఒకే ఒక్క వెనక సస్పెన్షన్‌ను తీసేసినట్టే. దీనికి ఎదురు తప్పూ ఉంది. షాక్ అబ్జార్బర్లు బాగా పనిచేస్తున్న బైకుకు స్ప్రింగు సీటు వేస్తే రెండు స్ప్రింగుల వరస ఒకదాని మీద ఒకటి నిలుస్తుంది. షాక్ అబ్జార్బరులో ఊపును అణిచే నూనె ఉంటుంది, సీటు స్ప్రింగులో ఉండదు. గుంత దాటాక బైకు కుదురుకున్నా మనిషి ఇంకా ఊగుతూనే ఉంటాడు. నెమ్మదిగా నడిపేవాళ్లు ఆ ఊపును ఇష్టపడతారు, వాళ్ల ఇష్టం కాదనలేం. వేగంగా మలుపులు తిప్పేవాళ్లకు మాత్రం శరీరం, బైకు వేర్వేరు లయల్లో కదలడం ఇబ్బందే.

## డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు

ఫోమ్ గురించి మాట్లాడేటప్పుడు ఎక్కువ గందరగోళం ఈ రెండు మాటల దగ్గరే. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ బరువు ఎన్ని కిలోలు అన్నది. 30 కిలోల ఫోమ్, 60 కిలోల ఫోమ్ అంటే ఇదే అర్థం. గట్టిదనం అంటే దాన్ని లోపలికి నొక్కడానికి ఎంత బలం కావాలి అన్నది. ప్రయోగశాలలో సుమారు 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి పలకతో, ఫోమ్ మందంలో 25 శాతమో 40 శాతమో దిగేదాకా నొక్కి, పట్టిన బలాన్ని కొలుస్తారు.

ఒకే డెన్సిటీతో మెత్తటి ఫోమూ చేయవచ్చు, గట్టి ఫోమూ చేయవచ్చు. డెన్సిటీ ముఖ్యంగా చెప్పేది మన్నిక గురించి. పదార్థం ఎక్కువగా ఉన్న ఫోమ్ రోజూ నలిగినా త్వరగా కుంగిపోదు. గట్టిదనం చెప్పేది కూర్చున్నప్పటి అనుభూతి గురించి. "ఎక్కువ డెన్సిటీ వేశాను, అందుకే గట్టిగా ఉంది" అన్న మాట వింటుంటాం. ఒక్కోసారి రెండూ కలిసి రావచ్చు, కానీ ఒకదానికి ఇంకోటి కారణం కాదు.

మూడో గుణం ఒకటుంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. కొద్దిగా నొక్కినప్పటి బలంతో పోలిస్తే లోతుగా నొక్కినప్పటి బలం ఎన్ని రెట్లు పెరుగుతుంది అన్నది. రెండు ఫోమ్‌లు తీసుకుందాం. మందంలో 25 శాతం దిగడానికి రెండిటికీ 150 న్యూటన్ల బలమే పట్టింది. బొటనవేలితో నొక్కితే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ 65 శాతం దించడానికి మొదటిదానికి 300, రెండోదానికి 420 న్యూటన్లు కావాల్సి వచ్చింది. అంటే మొదటిది 2 రెట్లు, రెండోది 2.8 రెట్లు. గుంతలో పడ్డప్పుడు మొదటిది చదునైపోయి మనల్ని అడుగు రేకు మీదికి పంపిస్తుంది. రెండోది లోతుకు వెళ్లేకొద్దీ ఎదురు నిలుస్తుంది. పైపైన మెత్తగా ఉండి లోపల ఆసరా ఇచ్చేది ఈ రెండో రకం. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ ఫోమ్‌కు ఈ గుణం బాగా ఉంటుంది. డన్‌లప్ కంపెనీ 1929 ప్రాంతంలో దాన్ని తయారుచేసే పద్ధతి కనిపెట్టాక అది వాహనాల సీట్లలోకి కూడా వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా దొరికే పాలీయురిథేన్ ఫోమ్‌లో ఈ గుణం రకాన్ని బట్టి మారుతుంది.

మెత్తటి సీటు గంటకల్లా ఎందుకు నొప్పి పెడుతుందో ఇప్పుడు చెప్పవచ్చు. కూర్చున్నప్పుడు బరువు మోసేవి పిర్రల లోపలుండే రెండు ఎముకల మొనలు. మరీ మెత్తటి ఫోమ్‌లో అవి లోతుగా దిగి, అక్కడి ఫోమ్ పూర్తిగా నలిగిపోయి రాయిలా అవుతుంది. చుట్టూ ఉన్న మెత్తదనం కండను నొక్కుతుందే తప్ప బరువు మోయదు. రక్తప్రసరణ మందగించి తిమ్మిరి మొదలవుతుంది.

వెడల్పు పాత్ర కూడా తక్కువేమీ కాదు. నడిపేవారి బరువులో 54 కిలోలు సీటు మీద పడుతున్నాయనుకుందాం, మిగతాది కాళ్లు, చేతులు మోస్తాయి. శరీరం సీటును తాకే చోటు 900 చదరపు సెంటీమీటర్లయితే, సగటున ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 60 గ్రాములు పడతాయి. అదే సన్నటి సీటులో తాకే చోటు 600 అయితే 90 గ్రాములు. ఫోమ్ అదే, మనిషి అదే, ఒత్తిడి మాత్రం ఒకటిన్నర రెట్లు.

## 30 మిల్లీమీటర్లు కోస్తే ఎంత కిందికి దిగుతాం?

కాళ్లు నేలకు సరిగ్గా అందడం లేదని ఫోమ్ కోయించుకునేవాళ్లు చాలామంది. 30 మిల్లీమీటర్లు కోస్తే అంతే కిందికి దిగుతామని అనుకుంటాం. లెక్క వేసి చూస్తే వేరేగా వస్తుంది.

ఫోమ్ మందం 70 మిల్లీమీటర్లు, కూర్చుంటే 30 మిల్లీమీటర్లు కుంగుతోంది అనుకుందాం. అంటే మనం పాన్ నుంచి 40 ఎత్తులో ఉన్నాం. ఫోమ్ కుంగేది దాని మందంలో ఒక వంతుగా, ఇక్కడ సుమారు 43 శాతం. ఇప్పుడు 30 కోసేస్తే మిగిలే మందం 40. అదే బరువుకు అందులో 43 శాతం, అంటే 17 కుంగుతుంది. మనం ఇప్పుడు పాన్ నుంచి 23 ఎత్తులో ఉంటాం. కోసింది 30, దిగింది 17.

ఇక్కడితో అయిపోలేదు. ఫోమ్ మందంలో 70 శాతం దాకా నలిగాక అది దాదాపు గట్టి దిమ్మే. మొదట్లో కూర్చున్న స్థితి నుంచి ఆ హద్దు చేరడానికి 19 మిల్లీమీటర్ల దారి ఉండేది. కోశాక 11 మాత్రమే మిగిలింది. గుంతల కుదుపును మింగే చోటు దాదాపు సగం పోయింది. దాన్ని సరిచేయడానికి గట్టి ఫోమ్ వేశారనుకోండి, అది 25 శాతమే కుంగితే మనం 30 ఎత్తులో కూర్చుంటాం. అప్పుడు దిగింది మొత్తం 10 మిల్లీమీటర్లు. ఇవి కేవలం ఉదాహరణ కోసం తీసుకున్న అంకెలే. ఫోమ్‌ను బట్టి అవి మారినా లెక్క వెళ్లే దిక్కు మాత్రం ఇదే.

సీటు ముందు భాగపు వెడల్పు తగ్గించడం ఇంకో దారి. నేల మీద ఒక పాదం నుంచి తొడ లోపలి వైపుగా పైకి వెళ్లి, సీటును దాటి, ఇంకో పాదం దాకా టేపు పట్టినట్టు ఊహించండి. కాళ్లు అందడం ఆ మొత్తం పొడవు మీద ఆధారపడుతుంది. తొడలు దిగే చోట సీటు వెడల్పు 300 నుంచి 240 మిల్లీమీటర్లకు తగ్గితే టేపులో 60 తగ్గుతుంది, ఒక్కో కాలికి సుమారు 30. ఎత్తులో ఒక్క మిల్లీమీటరూ కోయకుండానే! పైగా ఎముకలు ఆనే వెనక భాగం వెడల్పుగానే ఉంటుంది కాబట్టి ఒత్తిడి పెరగదు. నా అభిప్రాయంలో ఎత్తు కోయడం కంటే ముందు ఆలోచించాల్సింది ఇదే. అయితే సీటు కింది సైడ్ ప్యానెళ్లు సీటు కంటే బయటికి పొడుచుకుని ఉంటే కాలు వాటికే తగులుతుంది, సీటు అంచు చెక్కినా ప్రయోజనం ఉండదు.

సీటు దిగితే ఇంకోటి కూడా మారుతుంది. ఫుట్‌రెస్టు ఉన్నచోటే ఉంటుంది కాబట్టి మోకాలు ఇంకా మడుచుకుంటుంది. పొడుగు కాళ్లవారికి సీటు నొప్పి అనిపించేది నిజానికి మోకాలి నొప్పి కావడం అరుదేం కాదు. వాళ్లకు సీటు కొంచెం ఎత్తు చేస్తేనే ఉపశమనం.

## నొప్పి ఎక్కడుందో అది చెబుతుంది

ఎముకల మొనల దగ్గర మాత్రమే మంట పెడితే ఫోమ్ అక్కడ అడుగంటుతోందని అర్థం. తొడ లోపలి వైపు కోసినట్టు ఉంటే ముందు అంచులు మరీ పదునుగానో వెడల్పుగానో ఉన్నాయి. మణికట్లు నొస్తూ, శరీరం ట్యాంకు వైపు జారుతుంటే సీటు ముందుకు వాలి ఉంది. పాత సీట్లలో ఈ వాలు తరచుగా ఫ్యాక్టరీ నుంచి వచ్చినది కాదు. రోజూ ఒకేచోట కూర్చోవడం వల్ల ట్యాంకు దగ్గరి ఫోమ్ ముందు కూలిపోయి వస్తుంది. అలాంటి సీటు మొత్తం మెత్తబరచనక్కర్లేదు, ముందు భాగం తిరిగి సమతలానికి వస్తే చాలు. తోక ఎముక దగ్గర నొప్పి, నడుములో గుద్దినట్టు ఉండటం ఉంటే ఫోమ్ కంటే ముందు షాక్ అబ్జార్బర్లను అనుమానించాలి. నూనె కారిపోయిన షాక్ అబ్జార్బరు చేయని పనిని ఏ స్పాంజీ చేయలేదు.

## మెమరీ ఫోమ్, జెల్: రెండు వైపుల వాదనలు

మెమరీ ఫోమ్ 1966లో నాసా కోసం జరిగిన పరిశోధనలో పుట్టింది. శరీరపు వేడికి మెత్తబడి, ఆకారానికి ఒదిగి, ఒత్తిడిని బాగా పంచుతుంది. సమర్థించేవాళ్లు చెప్పేది ఇదే, అది నిజం కూడా. కాదనేవాళ్ల మాటలోనూ పస ఉంది. అది నెమ్మదిగా తేరుకుంటుంది. వరసగా గుంతలు వస్తే ఒకదానికి నలిగినది లేచేలోగా ఇంకోటి వచ్చి పడుతుంది. చలిలో గట్టిపడుతుంది కూడా. అందుకే సీటు మొత్తం దానితో నింపకుండా, ఆసరా ఇచ్చే గట్టి ఫోమ్ మీద పలచటి పొరగా వేయడం మేలన్న అభిప్రాయం బలంగా ఉంది.

జెల్ ముక్కలు కూడా ఎముకల దగ్గర ఒత్తిడిని పంచుతాయి. కానీ జెల్ బరువు ఎక్కువ, ఎండలో నిలిపితే వేడెక్కి చాలాసేపు చల్లారదు, గాలి ఆడదు. ఇక ముక్కల ఫోమ్‌ను అతికించి చేసే రీబాండెడ్ ఫోమ్ బరువుగా, బిగువుగా ఉంటుంది. పైపొరకు పనికిరాకపోయినా అడుగు పొరగా బాగా నిలుస్తుంది.

## రూపం కోసం మార్చినప్పుడు

1960ల్లో బ్రిటన్‌లో యువకులు తమ బైకులకు రేసు బైకుల రూపం ఇచ్చుకున్నారు. ఒకరే కూర్చునే సన్నటి సీటు, వెనక ఎత్తుగా లేచిన మూపురం. కేఫ్ రేసర్ అనే ఆ శైలి ఇప్పటికీ పాత బైకుల యజమానులను ఆకర్షిస్తూనే ఉంది. రేసులో ఆ మూపురానికి పని ఉండేది, ట్యాంకు మీదికి వంగి వేగం పెంచినప్పుడు వెనక్కి జారకుండా ఆపేది. రోడ్డు మీద అదే మూపురం అటూ ఇటూ జరిగి కూర్చునే వీలు లేకుండా చేస్తుంది. నొప్పి రాకుండా శరీరం తనంతట తాను చేసుకునే సర్దుబాటు ఆ కదలికే. దాన్ని కోల్పోతున్నామని తెలిసి ఎంచుకోవడం వేరు, తెలియక ఎంచుకోవడం వేరు.

అసలు ప్రమాదం ఫోమ్ దాటి ఫ్రేము దాకా వెళ్లినప్పుడు. చదునైన సీటు కోసం వెనక గొట్టాలను కోసి కొత్త వంపు వెల్డింగ్ చేయిస్తుంటారు. టైరుకూ సీటు పాన్‌కూ మధ్య మామూలుగా 120 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది, అక్కడి నుంచి చక్రం ఇంకా 100 పైకి రాగలదు అనుకుందాం. 20 మిగిలి ఉంది. సీటును 30 కిందికి దించితే ఖాళీ 90 అయింది. నిలబడి చూసినప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది. ఇద్దరు ఎక్కి పెద్ద గుంతలో పడ్డ రోజు, చక్రం తన హద్దు చేరడానికి 10 మిల్లీమీటర్ల ముందే టైరు పాన్‌ను రాసుకుంటుంది. కోసేసిన అడ్డ గొట్టం షాక్ అబ్జార్బర్ల పై కొసలను కలిపి పట్టేదైతే ఫ్రేము బిగువు కూడా తగ్గుతుంది.

బ్యాటరీ సంగతీ ఇక్కడే చెప్పాలి. చాలా పాత బైకుల్లో అది సీటు కిందే ఉంటుంది. ఇనుప పాన్ ఫ్రేముకు తగిలి ఉంటుంది కాబట్టి, ఫ్రేముకు కలపని టెర్మినల్‌ను తాకితే నేరుగా షార్ట్ సర్క్యూట్. పాత బ్రిటిష్ బైకుల్లో చాలావాటికి పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే ఫ్రేముకు కలిపేది బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్‌ను; మిగతావాటికి నెగటివ్. ఏ టెర్మినల్ ప్రమాదమో బైకును బట్టి తిరగబడుతుంది. తుప్పుతో కుంగిన పాన్ కూడా ఇదే పని చేయగలదు, అందుకే రబ్బరు దిమ్మలు పోయిన సీటును చిన్న లోపంగా చూడకూడదు.

## కవరు, కుట్లు, నీళ్లు

ఫోమ్ ఆకారం మారితే పాత కవరు దాని మీద కుదరదు. ఫ్యాక్టరీ నమూనాలో వచ్చే కొత్త కవర్లు ఫ్యాక్టరీ ఫోమ్ కోసం కత్తిరించినవి. 20 మిల్లీమీటర్లు చెక్కిన చోట ముడతలు పడతాయి. ఆ ముడతలను లాగి బిగిస్తే ఫోమ్ నలిగి, చెక్కిన ఆకారమే పోతుంది. కుట్లు విప్పిన పాత కవరు ముక్కలు కొత్త నమూనా గీయడానికి ఎంతో విలువైనవి.

1960ల, 70ల సీట్ల మీది అడ్డ గీతలన్నీ కుట్లు కావు. చాలావాటిని రెగ్జిన్‌ను వేడితో అతికించి చేసేవారు. వాటికి సూది రంధ్రాలు ఉండవు కాబట్టి నీళ్లు దిగవు. కొత్తగా చేయించే కవర్లలో అవే గీతలను కుట్టుతో వేస్తారు, ప్రతి సూది రంధ్రమూ వాన నీటికి దారే. అందుకని కొందరు కవరు కింద పలచటి ప్లాస్టిక్ పొర వేస్తారు. మరికొందరు అది వద్దంటారు, ఎలాగోలా లోపలికి చేరిన నీళ్లు ఆవిరి కాకుండా అక్కడే నిలిచి పాన్‌ను తుప్పు పట్టిస్తాయని. రెండు మాటలూ సరైనవే. పాన్‌కు నీళ్లు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయా, మూసుకుపోయాయా అన్నదాన్ని బట్టి ఏది నిజమవుతుందో తేలుతుంది.

## ఒరిజినల్ అంటే ఏది?

సీటు మార్పుల చుట్టూ జరిగే వాదనల్లో సగం ఈ ఒక్క మాట అర్థం దగ్గరే చిక్కుకుంటాయి. ఫ్యాక్టరీ నుంచి ఆ బైకుతో పాటు వచ్చిన సీటును ఒరిజినల్ అనేవారున్నారు. అదే కొలతలతో, అదే రూపంలో ఇప్పుడు చేసిన కొత్త సీటునూ కొందరు అలాగే పిలుస్తారు. ఆ కాలంలోనే వేరే తయారీదారులు అమ్మిన సీటు ఇంకో రకం. అది ఫ్యాక్టరీది కాకపోయినా, ఆ రోజుల్లో ఆ బైకు నడిపినవాళ్లు నిజంగా వాడినది.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన ట్యురిన్ చార్టర్‌లో వస్తువును వీలైనంత ఉన్నదున్నట్టు కాపాడటానికి పెద్దపీట వేసింది. మార్పులు తప్పకపోతే అవి మళ్లీ వెనక్కి తీసుకోగలిగేలా ఉండాలని, వాటిని నమోదు చేయాలని చెబుతుంది. ఆ చూపుతో చూస్తే చిరుగులు పడ్డ అసలు కవరు కూడా ఒక సాక్ష్యమే. ఆ రోజుల కుట్టు, ఆ రోజుల దారం, ఎవరో దశాబ్దాల పాటు ప్రయాణించిన అరుగుదల అందులో ఉన్నాయి. ఇటువైపు వాదన కూడా అంతే నిజాయితీగా ఉంటుంది. బైకు నడవడానికి పుట్టింది, కూర్చోలేని సీటు వల్ల అది షెడ్డులో ఆగిపోతే దాన్ని కాపాడినట్టు ఎలా అవుతుంది? నేను ఈ రెండో వాదన వైపు మొగ్గుతాను, కానీ మొదటిదాన్ని తోసిపుచ్చి కాదు.

ఈ రెండిటినీ కలపడానికి చాలామంది ఎంచుకునే దారి రెండో సీటు. ఫ్రేమును తాకకుండా, పాత కబ్జాలకే, పాత బోల్టు రంధ్రాలకే సరిపోయే కొత్త పాన్ చేయించి, దాని మీద తమ శరీరానికి తగ్గట్టు ఫోమ్ చెక్కించుకుంటారు. ఇద్దరి సీటు ఉన్నచోట ఒకరి సీటు వేస్తే, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన సీట్ల సంఖ్య విషయంలో నిబంధనలు దేశాన్ని బట్టి మారతాయి. ఒకరి సీటున్న బైకు మీద ఇద్దరిని కూర్చోబెట్టేటప్పుడు వెనకవారికి ఫుట్‌రెస్టులు, పట్టు కూడా లెక్కలోకి వస్తాయి.

తీసిన పాత సీటు ఎంత జాగ్రత్తగా దాచినా దాని ఫోమ్ నిలవదు. లేటెక్స్ పొడిపొడిగా రాలిపోతుంది, పాలీయురిథేన్ రకాన్ని బట్టి గాలికో తేమకో పాడై, జిగటబడో పొడిపొడిగానో చితికిపోతుంది. కానీ పొడిగా ఉన్నచోట పాన్, కబ్జాలు, అంచు చుట్టూ మెరిసే పట్టీ, కవరును పట్టి ఉంచిన ఇనుప పళ్లు అలాగే ఉంటాయి. వాటిని చూసి సీటును మళ్లీ కట్టవచ్చు.